మల్లయ్య మొలతాడు నాణెం

లిల్లీ, నాణెం మీద సిలువ ఉంది కాబట్టి ఆ పేషెంటు మన క్రైస్తవుడేనని నిన్న అన్నావు. కాదమ్మా. అతను ఈ అరబ్బు దేశానికొచ్చి బర్కా ఊళ్ళో ఖర్జూరం తోటలో పనిచేసే మల్లయ్య, కరీంనగర్ వైపువాడు. మొక్కలకు గుంత తవ్వుతుంటే దొరికిన రాగి నాణేన్ని మొలతాడుకు కట్టుకున్నాడు.

ఈ సాయంత్రం కడుపు ఆపరేషన్‌ కోసం మీ నర్సులు ఆ తాడు కత్తిరించారు. అది లేకుండా థియేటర్‌లోకి రానని అతను మొండికేశాడు. చరిత్ర చెప్పిన పంతులమ్మనని నన్ను పిలిపించారు.

చూశాను. సిలువ పట్టుకున్న రోము రాజు బొమ్మ. రోము నాణేన్ని చూసి పాతకాలపు అరబ్బులు ముద్రించుకున్న నకలు, పక్కన వాళ్ళ అక్షరాలు. అదే చెప్పబోయాను.

"గాయిన మా మల్లన్న దేవుడు, అవ్వా. చేతుల త్రిశూలం కనవడ్తలేదా?" అన్నాడు.

జన్మంతా పిల్లల తప్పులు దిద్దినదాన్ని, ఇవాళ దిద్దలేదు. "కనబడుతోంది నాయనా. నువ్వు బయటికొచ్చేదాకా నా గుప్పిట్లో ఉంటాడు" అన్నాను. వెళ్ళాడు. ఇంకా లోపలే ఉన్నాడు.

అందరూ చదవాలని మన ఆసుపత్రి క్వార్టర్స్ బోర్డుకి ఈ కాగితం గుచ్చుతున్నాను. మీరైతే ఏం చెప్పేవారో కింద రాయండి, ఉపన్యాసాలు వద్దు.

లిల్లీ, డ్యూటీ దిగి వస్తూ దారిలో అల్ హైల్ బజారు కొట్లో నల్ల మొలతాడు ఒకటి తీసుకురా. గట్టిది చూడు.