కేబుల్ వైరు పీకేసిన ఇల్లు

నాకు కోపం ఎక్కువ. మా అమ్మ అంటుంది, కేబుల్ చానల్‌లో మా ఎడిటర్ అనేవాడు, ఏడు నెలలు నన్ను వెంటబెట్టుకుని తిరిగిన ఇంగ్లండ్ ఆమె కూడా అంది. ఆమె నవ్వుతూ అంది. "నీ కోపం కెమెరా ముందు చాలా బాగుంటుంది" అని. అది విన్నాక నా కోపం ఇంకాస్త పెరిగింది.

కోరుట్లలో మా చానల్ ఆఫీసు ఒక చెప్పుల దుకాణం పైన ఉండేది. రోజూ సాయంత్రం ఏడు గంటలకు నేను వార్తలు చదివేదాన్ని. మున్సిపాలిటీ నల్లాలు, వేములవాడ జాతర బస్సులు, పసుపు ధర, వీటి మధ్యలో గల్ఫ్ చావులు. "ఉపాధి కోసం గల్ఫ్ వెళ్లిన ఫలానా గ్రామవాసి గుండెపోటుతో మృతి చెందాడు." పన్నెండేళ్లు ఆ వాక్యం చదివాను. ఊరు మారేది, వయసు మారేది, గుండెపోటు మాత్రం మారేది కాదు. ముప్ఫై ఏళ్లవాడికీ అదే. ఎండలో పన్నెండు గంటలు ఇనుము మోసినవాడు ఎందుకు చచ్చాడో అడిగే ఓపిక ఎవరికీ ఉండేది కాదు, నాతో సహా. కోరుట్ల నుంచి చందుర్తి దాకా మా కేబుల్ వచ్చే ప్రతి ఇంట్లో నా మొహం తెలుసు. బజారులో ఆడవాళ్లు ఆపి, మేడం నిన్న కట్టిన చీరె మంచిగుండె అనేవాళ్లు.

ఇంగ్లండ్ ఆమె అక్కడి టీవీలో ఇరవై ఏళ్లు పనిచేసిన మనిషి. గల్ఫ్ కుటుంబాల మీద సినిమా తీయడానికి వచ్చి, కోరుట్లలో ఒక ఇంటి పై వాటా కిరాయికి తీసుకుంది. పగలంతా నేను ఆమెకు తోడుండాలి, దారి చూపాలి, ఇటు మాట అటు, అటు మాట ఇటు చెప్పాలి. సాయంత్రం మళ్లీ వచ్చి వార్తలు చదువుకోవాలి.

మొదటి నెల ఆమెకు ఇక్కడ ఏదీ కుదరలేదు. జగిత్యాలలో ఒక ఆఫీసరు "రేపు రండి" అంటే తెల్లారి తొమ్మిదింటికే వెళ్లి కుర్చీలో కూర్చునేది. ఆయన ఆ వారమంతా రాలేదు. పెళ్లయిందా, పిల్లలెందరు, ఎందుకు లేరు అని ప్రతి గడపలో అడిగితే చెవులు ఎర్రబడేవి. ఎవరింటికి వెళ్లినా ఛాయ్ వద్దనేది. ఒకసారి మాదిగ వాడలో ఒక ముసలామె గ్లాసు చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. బయటికొచ్చాక నేను ఊరుకోలేదు. "వాళ్లింట్లో ఏదీ ముట్టని వాళ్లను వాళ్లు తరతరాలుగా చూశారు. నువ్వు కూడా అదే పని చేస్తావా? సగమైనా తాగు" అన్నాను. ఆ రోజు నుంచి ఎక్కడ ఇచ్చినా అడుగు దాకా తాగేది. నేర్చుకునే బుద్ధి ఉన్న మనిషే, అబద్ధం ఎందుకు.

నా ఒళ్లు మండింది ఆమె రాతలు చూసి. వాళ్ల దేశంలో మీడియా పని చేసేవాళ్ల కోసం ఆమె వారం వారం ఇంటర్నెట్‌లో రాసేది, పరాయి దేశంలో బతకడం, పని చేయడం ఎలా అలవాటు చేసుకోవాలో. ఛాయ్ వద్దనకండి. గడియారం వైపు చూడకండి. కరెంటు పోతే నవ్వండి. కింద చదివినవాళ్లంతా నువ్వెంత ధైర్యవంతురాలివి అని మెచ్చుకునేవాళ్లు. ఛాయ్ సంగతి నేను చెప్పింది. అందులో నేను "మా స్థానిక సహాయకురాలు". పన్నెండేళ్లు వార్తలు చదివినదాన్ని, ఆమె సామాను మోయడానికి వచ్చినట్టు.

ఒకసారి ఆమెకు కడుపు చెడింది. రెండు రోజులు. లండన్ నుంచి ఆఫీసువాళ్లు పూటపూటకూ ఫోన్లు. కారు వచ్చింది, కరీంనగర్‌లో పెద్ద దవాఖాన, విడిగా గది. కోలుకున్నాక వాళ్ల దేశం పోయి పది రోజులు ఉండి రమ్మని టికెట్ పంపారు. అదే వారం నేను ఒకతని వార్త చదివాను, చనిపోయి నెల దాటినా శవం ఇంకా అక్కడి మార్చురీలోనే ఉంది. ఆమె పరాయి దేశంలో పని చేసుకుంటున్న మనిషి, అతనూ పరాయి దేశంలో పని చేసుకున్న మనిషే. దిగిన రోజే పాస్‌పోర్టు లాక్కుంటే ఎలా అలవాటు చేసుకోవాలో, ఒక గదిలో పద్నాలుగు మంది ఎలా పడుకోవాలో మావాళ్లకు ఎవడూ రాయలేదు. ఈ మాట ఆమె మొహం మీదే అన్నాను. నిజమే అని నోట్‌బుక్‌లో రాసుకుంది. అది కూడా రాసుకుందే అని మళ్లీ కోపం.

అలా ఉండగా ఒక పొద్దున చానల్‌కు ఫోన్ వచ్చింది. చందుర్తి దగ్గర ఊరు.

"మేడం, మా అన్న దుబాయ్‌ల సచ్చిపోయిండు. దండం బెడత, వార్త ఎయ్యకున్రి. మా వదినెకు ఇంక చెప్పలే."

మా దిక్కు ఇది కొత్త కాదు. గల్ఫ్‌లో మనిషి పోతే శవం రావడానికి ఎన్నాళ్లు పడుతుందో దేవుడికే తెలియాలి. అది హైదరాబాద్‌లో విమానం దిగేదాకా భార్యకు చెప్పరు. దెబ్బ తగిలింది, దవాఖానలో ఉన్నాడు అంటారు. రిపేరని ఆమె ఫోన్ తీసుకుంటారు. పక్కింటి ఆడవాళ్లు వంతులేసుకుని తోడు పడుకుంటారు, అన్నం దగ్గరుండి తినిపిస్తారు. టీవీలో ఎక్కడ పేరు వస్తుందోనని కేబుల్ వైరు పీకేస్తారు. తాటిచెట్లెక్కి కల్లు గీసే పని విడిచి, ఇళ్లు కట్టే పనికి దుబాయ్ పోయిన ఆ మనిషి ఇంట్లోనూ వైరు పీకేశారు. ఊరంతటికీ తెలుసు, ఆమెకు తప్ప.

ఇంగ్లండ్ ఆమెకు ఈ సంగతి చెప్పింది నేనే. విని లేచి నిలబడింది.

"ఆమె భర్త చనిపోతే ఆమెకు చెప్పకపోవడమేంటి? అది ఆమె హక్కు."

"నాలుగు రోజులు ఎక్కువ బొట్టు పెట్టుకోనిద్దామని" అన్నాను.

"ఆమెను అడిగారా?"

నా గొంతు పెరిగింది. మా నాన్నది సిరిసిల్ల. సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, బట్ట నేసేవాడు. సాంచాలు ఆగిపోతే మహారాష్ట్రలో భివండీ పోయాడు, అక్కడే పోయాడు. మాకింకా కబురు అందకముందే ఒక విలేకరి గల్లీలోకి వచ్చి, చనిపోయినాయన ఫొటో ఉంటే ఇవ్వమని మా అమ్మనే అడిగాడు. అమ్మ చేతిలో బియ్యం చాట ఉంది. కింద పడిన ఆ బియ్యం నేనే ఏరాను, అప్పుడు నాకు పదేళ్లు. ఇదంతా ఆమెకు అరిచి చెప్పాను. "దాచిపెట్టడం దయ. మీకు అర్థం కాదు" అన్నాను.  విషయం తెలియని మనిషిని కెమెరాతో తీయడం తమ ఆఫీసులో ఒప్పుకోరని మాత్రం ఆమె చెప్పింది.

రెండు రోజుల తర్వాత ఆమె మరిది మళ్లీ ఫోన్ చేశాడు. మీ దగ్గర ఒక తెల్లామె ఉన్నదట, ఆమెతోటి అక్కడి ఆఫీసులకు ఫోన్ చేపిస్తే బాడీ జల్ది వస్తదేమో అన్నాడు. కాగితాలు వదినె పెట్టెలో ఉన్నాయి, ఊరికే తీస్తే అనుమానపడుతుంది, దవాఖాన ఖర్చు మాట్లాడే కంపెనీ ఆమె వచ్చిందని చెబుదాం అని ఉపాయం కూడా తనే చెప్పాడు. ఇంగ్లండ్ ఆమె నోట్‌బుక్ మూసేసింది. "నేను అబద్ధం చెప్పను. ఊరికే కూర్చుంటాను" అంది.

నేను అన్ని జాగ్రత్తలూ చూసుకున్నాను. కెమెరా కారులో సీటు కింద పెట్టించాను. మైకు మీద గుడ్డ కప్పాను. కారు ఊరి బయటే ఆపించాను. నాకంటే తెలిసినవాళ్లు ఎవరున్నారు అనుకున్నాను.

ఆ ఇంట్లో చనిపోయినతని భార్య గోడకు ఆనుకుని కూర్చుని, ఒడిలో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. ముప్ఫై ఏళ్లుంటాయేమో. తలస్నానం చేసి ఉంది, నుదుట పెద్ద బొట్టు. పక్కింటి అవ్వ దగ్గరే కూర్చుని ఉంది, మరిది తలుపు పక్కన నిలబడ్డాడు. టీవీ మీద గుడ్డ, వెనక నల్ల వైరు వేలాడుతోంది.

ముందు తెల్లామె లోపలికి వెళ్లింది. ఇంటామె తలెత్తి చూసి మళ్లీ ఆకు చుట్టుకుంది. తర్వాత నేను గడప దాటాను. ఆమె చేతులు ఆగిపోయాయి.

"నువ్వు ఏడు గంటల వార్తల మేడమ్‌వు గదా."

నేను నవ్వాను. బజారులో ఎవరు గుర్తుపట్టినా నవ్వే అలవాటు. ఆ నవ్వు తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది, ఈనాటికీ. కెమెరా దాచాను, మైకు దాచాను, కారు దాచాను. పన్నెండేళ్లుగా ఆ ఇంటికి చావు కబుర్లు చెప్పిన మొహాన్ని మాత్రం తీసుకుని తిన్నగా లోపలికి పోయాను.

ఆమె వెనక్కి తిరిగి వైరు చూసింది. మళ్లీ నన్ను చూసింది.

"వైరు ఎలుకలు కొరికినయన్నరు" అంది మెల్లగా.

చాట పక్కన పెట్టి లేచి ఛాయ్ పెట్టింది.  మరిది గోడ వైపు చూస్తున్నాడు. గ్లాసులు తెచ్చి ఇచ్చింది. తెల్లామె రెండు చేతులా అందుకుని, నేను నేర్పినట్టే అడుగు దాకా తాగింది. ఆమెకు ఒక్క ముక్క అర్థం కాలేదు. నా గ్లాసు నా చేతిలోనే చల్లారింది.

ఇంటామె వచ్చి నా ఎదురుగా కూర్చుంది.

"ఇగ చెప్పు. టీవీల చెప్పినట్టే చెప్పు."

"వదినె, ఏం లేదు, కంపెనీ ఆమె..." అన్నాడు మరిది.

"నువ్వు సప్పుడు జెయ్యకు."

చెప్పాను. పేరు, వయసు, ఊరు, ఉపాధి కోసం వెళ్లడం, గుండెపోటు. ఎక్కడా తడబడలేదు. రోజూ ఎలా చదువుతానో అలాగే వచ్చేసింది. నామీద నాకు అసహ్యం వేసింది.

"ఎన్ని దినాలాయె?"

"తొమ్మిది."

అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె ఏడవలేదు.

"తొమ్మిది దినాలు. దినాం తానం జేసి, అద్దంల జూసుకుంట బొట్టు వెట్టుకున్న. నిన్న పూలు గూడ వెట్టుకున్న. గీ అవ్వనే తెచ్చిచ్చింది. అందరు ఎరికుండి చూసుకుంట కూసున్నరా?"

"నీ మంచికే బిడ్డా" అంది అవ్వ. "నాలుగు దినాలు ఎక్కువ..."

"నా మంచి నన్నడిగిన్రా?" అప్పుడు పెరిగింది ఆమె గొంతు. "ఆయినెకు ఆడ ఏడ్చేటోల్లు లేరు. ఈడ నన్ను ఏడ్వనియ్యలె. తొమ్మిది దినాలు నా మొగనికి ఏడ్చే మనిషి లేకపాయె. దిక్కులేనోనిలెక్క పడున్నడు ఆడ. గిదా మీరు జేసిన మంచి?"

 ఆమె మరిది వైపు తిరిగింది.

"వైరు వెట్టు. ఇగ ఎవలకోసం దాస్తవు?"

వైరు పెట్టేదాకా అలాగే చూస్తూ ఉంది. పెట్టాక కుప్పకూలి ఏడ్చింది. ఆ ఏడుపుకు వాడకట్టు ఆడవాళ్లంతా వచ్చారు. తొమ్మిది రోజులుగా బిగబట్టుకున్నారేమో, ఒకరినొకరు పట్టుకుని గొల్లున ఏడ్చారు. మేం కాగితాలు తీసుకుని బయటికి వచ్చేశాం.

కారులో ఇంగ్లండ్ ఆమె ఏం జరిగిందని అడిగితే మాట పొల్లుపోకుండా చెప్పాను. నేను ముందే అన్నాను కదా అంటుందని ఎదురుచూశాను. అంటే పోట్లాడేదాన్ని. నాకు ఆ పోట్లాట కావాలి. ఆమె అనలేదు. కిటికీ వైపు తిరిగి కళ్లు తుడుచుకుంది.  మరునాడే ఆమె ఫోన్లు మొదలుపెట్టింది, ఆ సంగతి కూడా చెప్పాలి. వాటివల్లే శవం త్వరగా వచ్చిందో లేదో నాకు తెలియదు.

ఆ ఇంటికి వెళ్లొచ్చిన సాయంత్రమే, ఆఫీసుకు వెళ్లేసరికి ఎడిటర్ కాగితాలు చేతిలో పెట్టాడు. మరిది ఫోన్ చేశాడట, వార్త వెయ్యమని వదినె చెప్పిందట. చనిపోయినాయన వార్త నాలుగోది. మొదటి మూడు ఏం చదివానో గుర్తులేదు. ఆ ఇంట్లో టీవీ వస్తోందని, వాడకట్టంతా ఆమె చుట్టూ కూర్చుని ఉంటుందని తెలుసు. కెమెరాలోకి చూస్తూ ఆయన పేరు చదివాను. వయసు చదివాను. గుండెపోటు అన్న మాట దాకా రాలేకపోయాను. కళ్లు తుడుచుకోలేదు, తల దించుకోలేదు, అలాగే కూర్చుని ఏడ్చాను. ఎడిటర్ కెమెరా వెనక నుంచి చేతులు ఊపుతున్నాడు, తర్వాతిది చదువు, తర్వాతిది చదువు అని. తర్వాతిది పసుపు ధర. ఆ రోజు పసుపు ధర నేను చదవలేదు.