ఒక దయ్యం తరఫున

కరోనా రెండో విడత తగ్గుముఖం పట్టిన ఏడాది, మిరప నారు పోసే రోజుల్లో, నన్ను గుంటూరు నుంచి ప్రకాశం జిల్లాలోని ఒక ప్రభుత్వాసుపత్రికి బదిలీ చేశారు. హోదా సైకియాట్రిక్ సోషల్ వర్కర్. మానసిక విభాగంలో డాక్టరు మందు రాస్తారు. అంతకుముందే రోగి ఇంట్లో ఏం జరుగుతోందో, చిన్నప్పుడు ఏం జరిగిందో అడిగి కేసు హిస్టరీ రాయడం నా పని. డిశ్చార్జి అయ్యాక రోగి ఎవరి ఇంటికి వెళ్తున్నారో చూడటం కూడా నా పనే. రెండో భాగాన్ని చాలా ఆసుపత్రుల్లో ఎవరూ పనిగా లెక్కపెట్టరు.

నా పక్షమేదో ముందే చెప్పాలి. మా నాన్న నన్ను చిన్నతనం నుంచే హేతువాద సభలకు వెంటబెట్టుకుని తిరిగాడు. పూనకాల మీద, చేతబడి మీద, బాణామతి మీద వేదికలెక్కి వాదించినదాన్ని. దయ్యం లేదు. ఉందన్నవాడు తెచ్చి చూపించాలి. ఈ మాటలో ఇప్పటికీ ఒక్క అక్షరం మార్చను. కానీ ముప్పై ఏళ్ళకు పైబడిన ఉద్యోగంలో ఒకే ఒక్కసారి దయ్యం తరఫున వాదించాను. ఓడిపోయాను.

మరుసటి సంక్రాంతి దాటి పొగాకును వేడికి ఆరబెట్టే బ్యారన్లు వెలిగించే కాలంలో, పొదిలి వైపు మెట్ట గ్రామం నుంచి ఆంజనేయులు అనే రైతు తన భార్య కోటేశ్వరిని తీసుకొచ్చాడు. ఆమెకు ఇరవై ఐదు దాటవు. అతనికి నలభైకి దగ్గర. ఫిర్యాదు అతనే చెప్పాడు: చచ్చిపోయిన తన తల్లి ఆమెను పట్టుకుంది. వదిలించడానికి అప్పటికే ఒక భూతవైద్యుడి దగ్గర మిరపకాయల పొగ పెట్టించాడు. మా వార్డుకొచ్చేసరికి ఆమె గొంతు పూర్తిగా రాసుకుపోయి ఉంది.

అతణ్ణి బయటికి పంపి హిస్టరీ మొదలుపెట్టాను. ఇలాంటి కేసులో మొదటి ప్రశ్న దయ్యం గురించి అడగకూడదు. చిన్నప్పుడు ఎక్కడ పెరిగావు అని అడగాలి. ఆమె చెప్పింది ఇదీ.

ఆంజనేయులు ఆమెకు సొంత మేనమామ. తండ్రి పోతే తల్లి సీతారావమ్మ కూలికి వెళ్తూ కూతుర్ని పుట్టింట్లో, అమ్మమ్మ దగ్గర వదిలింది. పిల్ల ఆంజనేయులుదేనని పుట్టినప్పుడే అనుకున్నారు కాబట్టి ఆ ఇంట్లో ఆమె ఎప్పుడూ మనవరాలు కాదు, కాబోయే పెళ్ళాం. గేదెకు కుడితి ఆలస్యమైతే కొట్టేవాడు. ఎదురు చెబితే ఖాళీ బ్యారన్‌లో వేసి గడియ పెట్టేవాడు. పొగాకు కాల్చే ఆ ఎత్తైన గదికి తలుపు మూస్తే వెలుతురు ఉండదు, గోడలకు పట్టిన ఘాటు మాత్రం ఉంటుంది. ఆ గడియ తీసేది ఒక్క అమ్మమ్మే. "ఒరేయ్ అంజిగా, చెయ్యి దించరా! అది నా బిడ్డరా!" అని అరిచేది. తన తల్లి అరుపుకు మాత్రం అతను ఆగేవాడు.

పెళ్ళయిన ఏడాదికి అమ్మమ్మ పోయింది. చెయ్యి దించమనే మనిషి ఇంట్లో లేకుండా పోయింది. తర్వాత కొన్నాళ్ళకు, అతను కట్టె ఎత్తిన ఒక సాయంత్రం, ఆ అరుపు కోటేశ్వరి నోటి వెంట వచ్చింది.

దీన్ని వైద్యభాషలో డిసోసియేషన్ అంటారు. భరించలేనిదాన్ని మనసు ఒక గదిలో పెట్టి తాను బయటికి నడిచి వెళ్ళిపోవడం. ఆ కాసేపు కొట్టినా నొప్పి తెలియదు, తర్వాత గుర్తుండదు. అందులో అబద్ధం లేదు, నటన లేదు, దయ్యమూ లేదు.

వార్డులో మేము కళ్ళారా చూశాం. టిఫిన్ చల్లారిపోయిందని అతను చెయ్యెత్తి, గొంతు పెంచి, "ఇంటికి పద, నీ సంగతి చెప్తా" అన్నాడు. ఆమె మెడ నెమ్మదిగా నిటారైంది. కళ్ళు నిలిచిపోయాయి. ముసలి గొంతు వచ్చింది.

"ఏందిరా చెప్పేది? నాకు చెప్పరా అంజిగా. చెయ్యి దించు ముందు."

ఆరడుగుల మనిషి చెయ్యి వెంటనే దించేశాడు. "లేదమ్మా, ఊరికే అన్నానమ్మా, ఏమనలేదమ్మా" అంటూ వెనక్కి నడిచి మందుల ట్రాలీకి తగులుకున్నాడు. పక్క మంచం ముసలమ్మ పకపకా నవ్వి, "అదీ అట్టా ఉండాల! మా ఆయనకీ ఒక దయ్యాన్ని పంపించు తల్లీ" అంది. వార్డంతా నవ్వింది. నేనూ నవ్వాను.

ఆ మనిషికి చట్టమంటే భయం లేదు. పెద్దమనుషులంటే లేదు, వాళ్ళలో అతనూ ఒకడు. పోలీసులంటే లేదు. ఈ భూమ్మీద అతని చెయ్యిని దించగలిగిన శక్తి ఒకే ఒక్క మూఢనమ్మకం. ఇంతకన్నా సిగ్గుచేటైన సంగతి ఒక సమాజానికి ఇంకేం కావాలి?

వారానికొకసారి కేసులు చర్చించే సమావేశం ఉండేది. డాక్టరు గారు చిన్నవాడు, మంచివాడు, నిబంధన తప్పడు. రోగిని ఇంటికి పంపేముందు కుటుంబానికి జబ్బు స్వభావం వివరించాలన్నది నిబంధన. మామూలుగా అది అవసరం కూడా. ఇది దయ్యం కాదని తెలిస్తేనే కదా ఇంటివాళ్ళు మిరప పొగలు మానేది. ఈ కేసులో ఆ వివరణ వాయిదా వేయమని నేను అడిగాను. ముందు గృహహింస చట్టం కింద ప్రొటెక్షన్ ఆఫీసర్ దగ్గర ఫిర్యాదు రాయిద్దాం, మహిళల వసతిగృహంలో చోటు చూద్దాం, ఆ తర్వాతే అతనికి చెబుదాం అన్నాను.

"మేడం, మీరేనా దయ్యాన్ని ఉంచమంటోంది?" అన్నాడాయన. అందరూ నవ్వారు. నా ఉపన్యాసాల సంగతి ఆసుపత్రిలో అందరికీ తెలుసు.

ఉంచమనడం లేదని, గోడ కట్టేదాకా కంచె పీకొద్దంటున్నానని చెప్పాను. ఆయన కొంత ఒప్పుకున్నాడు. డిశ్చార్జి దాకా గడువిచ్చాడు.

ఆ గడువులో కోటేశ్వరితో రోజూ కూర్చున్నాను. ఆ మాట మీ అమ్మమ్మది కాదు, నీలో ఉన్న నీ మాటే, నీ గొంతుతో అనొచ్చు అని చెప్పాను. "నేనంటే ఆగుతాడా మేడం?" అంది ఆమె. ఆగకపోతే ఆపేవాళ్ళ దగ్గరికి వెళ్దాం అన్నాను. ఒకరోజు గదిలో తలుపు వేసుకుని ప్రయత్నించింది. మొదట పెదవులు మాత్రం కదిలాయి. తర్వాత తన సొంత గొంతుతో, "చెయ్యి దించు" అంది. అని తానే ఉలిక్కిపడి వెనక్కి చూసింది. వెనక గోడ తప్ప ఏమీ లేదు. కాస్త నవ్వింది. ఆమె నవ్వడం నేను చూసింది అప్పుడే. ఫిర్యాదు మీద సంతకం చేస్తానంది.

సంతకం చేయాల్సిన రోజు తల్లి వచ్చింది. సీతారావమ్మ దుర్మార్గురాలు కాదు. వరండాలో చతికిలబడి నెత్తి కొట్టుకుంది.

"వాడు నా తమ్ముడే. వాడి మీద కేసు పెడితే నాకు పుట్టిల్లుంటదా? రేపు నేను చస్తే నా మీద పుట్టింటి చీర కప్పేదెవరే? అయినా నువ్వు లేచి ఎక్కడికొస్తావు? నీ అత్తిల్లూ అదే, నీ పుట్టిల్లూ అదే గదే!"

నేను వసతిగృహం గురించి చెప్పాను. "నువ్వు చెప్పేది వింటే అది వసతిగృహంలో ఉంటది, నేను ఊళ్ళో ఉండాల గదమ్మా" అంది ఆమె. మేనరికం గురించి మనవాళ్ళు పుట్టబోయే పిల్లల ఆరోగ్యం ఒక్కటే మాట్లాడతారు. ఆ పెళ్ళిలో ఆడపిల్ల పారిపోయి వెళ్ళే ఇల్లూ, ఆమె పారిపోవాల్సిన ఇల్లూ ఒక్కటే అవుతాయన్న సంగతి ఏ వేదిక మీదా నేను వినలేదు, నేనూ అనలేదు.

కోటేశ్వరి తల్లిని లేవదీసి, కొంగుతో ముఖం తుడిచి, నా వైపు తిరిగి తల అడ్డంగా ఊపింది. మేజరు, తెలివిలో ఉంది, నిర్ణయం ఆమెది. చట్టం అలాగే అంటుంది. వెంట వచ్చిన మనిషికే రోగిని అప్పగిస్తారు. వెంట వచ్చినవాడు భర్త.

నిబంధన ప్రకారం డాక్టరు గారు ఆంజనేయుల్ని కూర్చోబెట్టి ఓపికగా వివరించారు. నీ తల్లి రాలేదయ్యా, అది ఈ అమ్మాయి మనసులో జరిగేది, కొట్టొద్దు, తిట్టొద్దు, భయపెట్టొద్దు. వాక్యాలన్నీ సరైనవే. అతను శ్రద్ధగా విన్నాడు. అన్నీ విని ఒక్కటే అడిగాడు: "అయితే మా అమ్మ కాదన్నమాట. ఖాయమేనా సార్?" ఖాయమే అన్నారు డాక్టరు గారు. కోటేశ్వరి సంచి సర్దుకుంటూ ఆ ప్రశ్నా, ఆ జవాబూ రెండూ విన్నది. నేను ఆమె ముఖం చూస్తున్నాను. ఏ మార్పూ లేదు. సంచి జిప్పు పట్టకపోతే రెండుసార్లు లాగింది.

మిరప కోతలు ముగిసే వేళకు తిరిగి చూపించుకోవడానికి వచ్చారు. అతను ఉల్లాసంగా ఉన్నాడు. పూనకాలు పూర్తిగా ఆగిపోయాయని చెప్పి డాక్టరు గారికీ నాకూ చేతులు జోడించాడు.

"సైన్సు సైన్సే మేడం. దయ్యాల్లేవు, ఏం లేవు. ఇన్నేళ్ళూ ఉత్తపుణ్యానికి భయపడి చచ్చాను."

వేదికల మీద నేను జనం నోట వినాలని కోరుకున్న మాటలు ఇవే. ఇంత చక్కగా నాకెవరూ అప్పజెప్పలేదు.

బరువు చూసే నెపంతో ఆమెను లోపలికి తీసుకెళ్ళాను. పొడుగు చేతుల జాకెట్టు. ఎడమ ముంజేయి కింద పెట్టలేకపోతోంది. ఎలా ఉన్నావు అన్నాను.

"నయమైంది మేడం. అప్పుడైతే కొట్టేది తెలిసేది కాదు. ఇప్పుడంతా తెలుస్తానే ఉంది."

తర్వాత నేను అడక్కుండానే చెప్పింది: "మీరు నేర్పింది ఒకసారి అన్నాను. నా గొంతుతోనే అన్నాను."

"ఏమన్నాడు?"

"నవ్వాడు."

ఫిర్యాదు సంగతి మళ్ళీ ఎత్తాను. తల అడ్డంగా ఊపింది. తర్వాత వాళ్ళు రాలేదు. వెళ్ళి చూడమని ఆ ఊరి ఆశా కార్యకర్తకు ఫోన్ చేస్తే, మనిషి బాగానే ఉందని, పనికి పోతోందని, ఎవరితోనూ మాట్లాడటం లేదని చెప్పింది. రికార్డులో ఆ కేసు 'మెరుగుపడింది' అనే వర్గంలో ఉంది. లక్షణాలు పోతే అలాగే రాయాలి.

దయ్యం లేదన్నది నిజం. నిజానికి పక్షం లేదు, ఎవరికి ముందు చేరితే వాళ్ళకే పనికొస్తుంది. పూనకం చూసినప్పుడు అది నిజమా అబద్ధమా అని అడగడం నాకు చిన్నప్పటి నుంచి వచ్చు. అది ఎవరి చేతిని ఆపుతోంది, దాన్ని తీసేస్తే ఆ చేతిని ఎవరు ఆపుతారు అని ముందు అడగాలని ఈ కేసులో తెలిసింది. ఆ రెండో ప్రశ్నకు జవాబు మా ఆసుపత్రి దగ్గర లేదు, చట్టం పుస్తకంలో ఉంది గానీ ఆ ఊళ్ళో లేదు. ఈ కేసులో నయమైంది ఒక్కరికే. ఆమె భర్తకు.