తెల్ల రంగు సీసా

నా చిన్నప్పుడు మేం గల్ఫ్‌లో, దుఖాన్ అనే ఊళ్ళో, నాన్న పనిచేసే ఆయిల్ కంపెనీ క్వార్టర్లలో ఉండేవాళ్ళం. పక్కింటి మామయ్య బల్ల మీద రెండు సీసాలుండేవి. ఒకటి నల్ల సిరా, ఇంకోటి తప్పులు దిద్దే తెల్ల రంగు. ఇండియాలో ఆయన ఒక పత్రికకు కార్టూన్లు గీసేవాడట. ఒక బొమ్మ పైవాళ్ళకు కిట్టక ఉద్యోగం పోతే, ఇక్కడికొచ్చి స్టోర్ గుమాస్తా అయ్యాడు. మన దేశంలో పత్రికల్ని అచ్చుకు ముందే సర్కారు చదివే రోజులవి.

సెలవు మీద ఎవరు ఇండియా వెళ్తున్నా క్వార్టర్లలో వాళ్ళంతా ఉత్తరాలు తెచ్చి వాళ్ళ పెట్టెలో పెట్టేవాళ్ళు. ఆసారి వంతు మా నాన్నది. మామయ్య ఉత్తరానికి బదులు ఒక బొమ్మ తెచ్చాడు. ఓట్ల పెట్టె మీద దర్జాగా కూర్చున్న నాయకుడు, పక్కన లాఠీతో పోలీసు, ఎదురుగా ఓటు చీటీలు పట్టుకున్న జనం. పాత సంపాదకుడు ఎలాగైనా వేస్తానని మాటిచ్చాడట. అది అచ్చయితే తను మళ్ళీ కార్టూనిస్టునే అని మామయ్య ఆశ.

నాన్న మొహం మాడిపోయింది. విమానాశ్రయంలో పెట్టె తెరిస్తే పాస్‌పోర్టు లాక్కుంటారని ఆయన భయం.

"ఆ ముక్కు చూస్తే ఎవరో తెలిసిపోతుంది బావగారూ, కాస్త తగ్గించండి" అన్నాడు.

మామయ్య ముక్కు మీద తెల్ల రంగు పూశాడు. తర్వాత లాఠీ పోయింది. పోలీసు పోయాడు, నాయకుడూ పోయాడు. చివరికి ఓట్ల పెట్టె మాత్రం ఎందుకులెండి అన్నాడు నాన్న.

మిగిలిన బొమ్మ నా ముందు పెట్టి, "వీళ్ళెందుకు నిలబడ్డార్రా?" అని అడిగాడు మామయ్య.

"రేషన్‌కేమో మామయ్యా" అన్నాను.

నాన్న ఊపిరి పీల్చుకుని నవ్వాడు. మామయ్య నవ్వలేదు. "ఇక తీసుకెళ్ళండి బావగారూ. సర్కారుకు శ్రమ లేకుండా మనమే చేసిపెట్టాం" అన్నాడు.

అది ఎక్కడా అచ్చు కాలేదు. మామయ్య మళ్ళీ బొమ్మ వెయ్యలేదు. తెల్ల రంగు సీసా నాకిచ్చేశాడు. నాన్న మీద నాకు చాలా ఏళ్ళు కోపం ఉండేది.

ఇప్పుడు ఆ గల్ఫ్ దేశంలోనే, అల్ వుకైర్‌లో మా అబ్బాయి ఇంట్లో ఉంటున్నాను. మొన్న మనవరాలు తను గీసిన కార్టూన్ నెట్‌లో పెట్టబోతూ నాకు చూపించింది. మన దేశం సంగతే. కుర్చీలో కళ్ళజోడు పెట్టుకున్న నాయకుడు, ఆయన కాళ్ళ ముందు సాష్టాంగపడిన టీవీ మైకులు. బాగా గీసింది. కానీ ఇలాంటివి పంచుకున్నందుకు అక్కడ పోలీస్ స్టేషన్‌కు పిలుస్తున్నారని రోజూ వింటున్నాను. వచ్చే నెల అది ఇండియాలో కాలేజీలో చేరాలి.

"ఆ కళ్ళజోడు ఒక్కటి తీసెయ్యి తల్లీ" అన్నాను.

తీసేసింది. "ఇంకేం తియ్యాలి తాతా?" అని నా మొహంలోకి చూసింది. లేచి బీరువా తెరిచాను.

ఆ సీసా ఎండిపోయి ఇన్నేళ్ళుగా నా బీరువాలో ఉంది. మామయ్య గుర్తుగా దాచుకున్నాననే అనుకునేవాణ్ణి. నేను దాచుకున్నది నాన్న భయాన్ని.