పెంట ఒక్కటే నాదా?

బెజ్జంకి దగ్గరి ఒక ఊళ్లో సిద్ధమ్మకు ఐదు వేల కోళ్ల షెడ్డు ఉంది. భర్త ముత్తయ్య తాటిచెట్టు మీది నుంచి పడి నడుము విరగ్గొట్టుకున్న ఏడాది, అర ఎకరం అమ్మి ఆ షెడ్డు వేసింది. కోడిపిల్లలు, దాణా, మందులు కంపెనీ పంపుతుంది. నలభై రోజులు పెంచి ఇస్తే కిలోకింత అని కూలి ఇస్తుంది. ఆ కూలితోనే ఇల్లు గడిచింది, కూతురు ఉషా నర్సింగు చదివింది. అందుకే షెడ్డుకు ఎవరైనా వంకపెడితే సిద్ధమ్మ ఊరుకునేది కాదు.

అది పోయిన వానాకాలం దాకా. షెడ్డు వెనక కుప్పపోసిన పెంట నాలుగు రోజుల ముసురుకు కరిగి, పక్క చేనులోని సుశీలమ్మ బావిలోకి దిగింది. ఆ నీళ్లు తాగిన, వరినాట్లు వేసే కూలీలు ముగ్గురు వాంతులతో దవాఖానలో పడ్డారు.

సుశీలమ్మ వచ్చి తిట్టలేదు. "నీ షెడ్డు నీకు బువ్వ పెట్టింది. నా బాయి నాకు పెట్టలేదా?" అని అడిగి వెళ్లిపోయింది.

సిద్ధమ్మకు ఒళ్లు మండింది. ముందు తన మీదే. కుప్ప కింది నుంచి నల్లనీళ్లు పారడం కళ్లారా చూసి కూడా, వాన వెలిశాక చూద్దాంలే అనుకుంది. ఆ తర్వాత కంపెనీ మీద. పెంట ఎక్కడ పోయాలని సూపర్‌వైజర్ దామోదర్‌ను మూడుసార్లు అడిగింది. వానకు అదే కొట్టుకుపోతుందని అతడు మూడుసార్లూ నవ్వాడు.

ఆ వారమే కోళ్ల కోసం లారీ వచ్చింది. సిద్ధమ్మ షెడ్డుకు తాళం వేసి తలుపు ముందు కూర్చుంది. ఎండ ఎక్కితే దారిలో కోళ్లు చస్తాయని దామోదర్ బతిమాలాడు.

"పిల్లలు మీయే, దాణా మీదే, కోళ్లు మీయే. పెంట ఒక్కటే నాదా సారూ?"

"మల్ల బ్యాచ్ రాదు చూడక్కా."

"రాకుంటే రాకపాయె. ముందుగాల గా కుప్ప ఎత్తు."

పదకొండింటికి రెండు ట్రాక్టర్లు వచ్చాయి. పెంటంతా పోయాకే ఆమె తాళం తీసింది.

కంపెనీ అన్నంత పనీ చేసింది. నాలుగు నెలలు పిల్లలను పంపలేదు. ఉషా నర్సు జీతంతో పొయ్యి వెలిగింది. సిద్ధమ్మ ఊరూరా తిరిగి తనలాంటి షెడ్డువాళ్లను కలిసింది. కొందరు తలుపు కూడా తీయలేదు. ఆరుగురు కలిసొచ్చారు. పెంట తీసుకుపోతేనే పిల్లలను దింపుకుంటామని కాగితం రాసిచ్చారు. కంపెనీ సగానికే ఒప్పుకుంది. ట్రాక్టర్ పంపుతుందట, కుప్ప కింద సిమెంటు గచ్చు, పైన రేకులు మాత్రం వాళ్లే వేసుకోవాలట. సిద్ధమ్మ తిట్టుకుంటూనే వేయించింది.

సుశీలమ్మ బావిని రెండుసార్లు తోడించారు. నీళ్లు తాగడానికి ఇంకా పనికిరావనే పరీక్షలో తేలింది. ఆమె కూలీలకు క్యాన్ నీళ్లు మోస్తోంది. సిద్ధమ్మ ఎదురుపడితే పలకరించదు.

దామోదర్ మాత్రం ఇప్పుడు "సిద్ధమ్మగారూ" అంటున్నాడు. ఆ మర్యాద వింటేనే ఆమెకు ఎక్కడలేని కోపం వస్తుంది.