మేనేజర్‌కు ఏడుపు నేర్పిన వైనం

నాటకాల పిచ్చితో సొంత ఇల్లు గుల్ల చేసుకున్నవాళ్ళను మీరు చాలామందిని చూసి ఉంటారు. నటన నేర్పి పక్కవాడి ఉద్యోగం ఊడగొట్టినవాణ్ణి చూసి ఉండరు. ఇప్పుడు చూడండి, నేనే. వరంగల్‌లో ఇంతటి ఘనకార్యం చేసినవాడు ఇంకొకడుంటే చెప్పండి, ఇద్దరం ఒకే చోట మొహం దాచుకుంటాం.

తప్పంతా ఒక రష్యా పెద్దాయనదని చెప్పి తప్పుకోవచ్చు. ఆయన పోయి చాలా ఏళ్ళయింది కనుక ఎదురు చెప్పడు కూడా. నటనకు ఒక పద్ధతి కనిపెట్టిన నాటక దర్శకుడాయన. జరీ దారం తీసే ఫ్యాక్టరీ వాళ్ళింటి బిడ్డ. మన దగ్గర కలిగిన ఇంటి పిల్లవాడికి నాటకాల పిచ్చి పడితే గదిలో పెట్టి తాళం వేస్తారు. ఆయన తండ్రి ఏకంగా ఇంట్లోనే నాటకశాల కట్టించాడు. పెద్దయ్యాక ఈయన ఒక స్నేహితుడితో హోటల్లో కూర్చుని పద్దెనిమిది గంటలు మాట్లాడి కొత్త నాటక సంస్థ పెట్టాడు. ఆ స్ఫూర్తితో మేమూ హన్మకొండ చౌరస్తాలో ఒక హోటల్లో కూర్చున్నాం గానీ, రెండో చాయ్ అవగానే ఓనరు లేచిపొమ్మన్నాడు. రిహార్సల్లో ఎవరైనా దొంగ ఏడుపు ఏడిస్తే ఆ పెద్దాయన కింద కూర్చుని "నమ్మను!" అని అరిచేవాడట. ముసలితనంలో స్టేజీ మీద గుండెపోటు వస్తే, ఆ అంకం అయ్యేదాకా ఓర్చుకుని తర్వాతే పడిపోయాడట.

ఇదంతా ఒక లావుపాటి పుస్తకంలో చదివాను. సగం చదివాను. మిగతా సగం చదివితే బాగుపడేవాణ్ణేమో, ఇప్పుడనుకుని ఏం లాభం!

అప్పుడు నేను ఒక ప్రైవేటు కాలేజీలో తెలుగు లెక్చరర్‌ని, సాయంత్రాలు ఏడుగురు మనుషుల నాటక బృందానికి డైరెక్టర్‌ని. పుస్తకం నెత్తికెక్కిన ఆ ఏడాది నాతో ఎవరు వేగారో వాళ్ళకే దండం పెట్టాలి. మా ఆవిడ తలనొప్పి అంటే "నమ్మను, నొప్పి కళ్ళలో కనిపిస్తలేదు" అనేవాణ్ణి. తాత చనిపోయాడని ఒక విద్యార్థి సెలవడిగితే "నమ్మను" అన్నాను. పదో రోజున వాళ్ళ నాన్న నున్నటి గుండుతో వచ్చి ప్రిన్సిపాల్ గదిలో కూర్చున్నాడు. అప్పుడు నమ్మాను.

మా బృందంలో అసలైన నటుడు యాకూబ్. సొంతూరు పరకాల, ఉండేది మడికొండ. మడికొండ ఐటీ పార్కులో ఇన్సూరెన్సు క్లెయిములు చూసే ఒక ఆఫీసులో పని. ఆ ఆఫీసులో చేరింది జీతం చూసి కాదు, ఇంటికి పది నిమిషాల దూరమని. తల్లికి పక్షవాతం వచ్చి మంచం పట్టింది. భార్య రజియా అంగన్‌వాడీ టీచరు, పగలు ఇంట్లో ఉండదు. రోజూ ఒంటిగంటకు యాకూబ్ బండి మీద ఇంటికి వెళ్ళి, తల్లికి అన్నం కలిపి తినిపించి, మూతి తుడిచి, మళ్ళీ ఆఫీసుకు పోయేవాడు. ఇంకెవరు పెట్టినా ఆమె నోరు తెరవదు.

ఒకరోజు ఆ ఆఫీసు నుంచే నాకు ఫోన్ వచ్చింది. మేనేజర్ మనోహర్ సార్.

"సార్, మీరు యాక్టింగ్ మంచిగ నేర్పుతరని విన్న. మాకు ఒక వర్క్‌షాప్ కావాలె. సెన్సిటివ్ విషయాలు స్టాఫ్‌కు ఎట్ల చెప్పాలె, అగో దాని మీద."

"సెన్సిటివ్ అంటే ఎసొంటియి సార్?"

"అదే సార్, కొంచెం బాధ కలిగించేటివి. ఎదుటి మనిషికి మనం కూడ బాధపడుతున్నమని తెల్వాలె."

ఇంత చెప్పాక పాలు తాగే పిల్లవాడికైనా సంగతి తెలుస్తుంది. నాకు తెలియలేదు. తెలియలేదా, తెలుసుకోదలచలేదా అని నన్ను నేను చాలాసార్లు అడిగాను, సరైన జవాబు ఇప్పటికీ రాలేదు. ఐటీ పార్కు! ఏసీ హాలు! మెడలో వేసుకునే విజిటర్ కార్డు! దాన్ని మూడు రోజులు ఇంట్లో కూడా తీయలేదు నేను. యాకూబ్‌కు మాత్రం ముందుగా చెప్పలేదు. తర్వాత చెప్పి ఆశ్చర్యపరుద్దామనుకున్నాను. ఆశ్చర్యపడ్డాడు లెండి.

క్లాసుకు మనోహర్ సార్, ఆయన కింద పనిచేసే మరో ఇద్దరు వచ్చారు. ముందు ఆయన్ను చేసి చూపమన్నాను. కాగితం చూస్తూ, బస్టాండులో అనౌన్స్‌మెంట్ చదివినట్టు చదివాడు. "కంపెనీ పరిస్థితుల రీత్యా మీ సేవలు ఇక..."

"నమ్మను!" అని బల్ల గుద్దాను. ముగ్గురూ ఉలిక్కిపడ్డారు. ఆహా, ఏం హాయి అది!

"ఏడుపు కోసం ఏడవద్దు సార్," అన్నాను, సగం పుస్తకపు పాండిత్యమంతా గొంతులోకి తెచ్చుకుని. "చేతులకు పనియ్యాలె, కండ్లల్లకు నీళ్ళు వాటంతట అవే అస్తయ్. కండ్లద్దాలు తీయుండ్రి. మెల్లగ తుడువుండ్రి. గ్లాసుల నీళ్ళు పోసి ఎడమ చేత్తోని ఆయన ముందటికి జరుపుండ్రి. ఏం మాట్లాడకుండ్రి. మనసుల ఐదు లెక్కవెట్టుండ్రి."

"ఐదు ఎక్కువ కాదా సార్?"

"మూడైతే మేనేజర్, ఐదైతే మనిషి."

ఈ మాటకు ఆ ఇద్దరూ చప్పట్లు కొట్టారు. చప్పట్లు విన్న నటుడూ బెల్లం చూసిన చీమా ఇక వెనక్కి తిరగరు.

"అయినా ఫీల్ రాట్లేదు సార్. నా ఎదురుంగ ఉన్నది ఎవరని అనుకోవాలె?" అన్నాడు మనోహర్ సార్.

ఎదుటి మనిషి నిజంగా కళ్ళముందు నిలవాలి, అతని ఇల్లూ వాకిలీ తెలియాలి, అదీ పద్ధతి. కల్పించి చెప్పేంత ఓపిక నాకెక్కడిది? రోజూ రిహార్సల్లో కళ్ళెదుట కనబడే యాకూబ్‌నే, పేరు చెప్పకుండా, ఎత్తి పెట్టాను. "అనుకోండ్రి సార్, నలభై ఏండ్ల మనిషి. ఒక్కనాడు లీవు పెట్టడు. ఒంటిగంటకు బండి మీద ఇంటికి పోయి, మంచంల ఉన్న తల్లికి అన్నం తినిపించి అస్తడు. ఆ తల్లికి వాని చెయ్యి తప్ప ఇంకో చెయ్యి పనికిరాదు."

మనోహర్ సార్ నోట్‌బుక్ తీసి రాసుకోసాగాడు. విద్యార్థి అంటే ఇట్లుండాలి అని మురిసిపోయాను.

"అసొంటాయన ఒప్పుకుంటడా సార్? గొడవ పెడ్తే?"

"గొడవనా!" అని నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది. "ఎదుటోని కండ్లల్ల నీళ్ళు చూస్తే కరిగిపోతడు సార్ వాడు. ఉల్టా వాడే మిమ్ములను ఓదారుస్తడు. కాయితం ఏడ పెడ్తే ఆడ సంతకం పెడ్తడు."

కొరివితో తల గోక్కోవడమని అంటారు కదా. నేను చేసింది అదే, కాకపోతే తల యాకూబ్‌ది.

పది రోజుల తర్వాత యాకూబ్ రిహార్సల్‌కు ఆలస్యంగా వచ్చి ఒక మూలన కూర్చున్నాడు.

"నౌకరి పోయిందన్నా."

"ఏమంటానవ్ రా! ఎట్ల పోయింది?"

"నా అంతట నేనే మానుకుంటాన అని రాసిచ్చిన. ఏం జెయ్యాలె అన్నా? మనోహర్ సార్ ఏడ్చిండు. మీదికెల్లి ఒత్తిడంట పాపం. అద్దాలు తీసి తుడుచుకున్నడు. గ్లాసుల నీళ్ళు పోసి నా ముందటికి జరిపిండు. జరసేపు ఏం మాట్లాడలే. నాకే పానం ఆగక, ఫికర్ చెయ్యకుండ్రి సార్ అని సంతకం పెట్టిన."

అప్పుడు నా నోట వచ్చిన మాట ఏమిటో తెలుసా? అయ్యో కాదు, ఎంత పని చేశావు తమ్మీ అని కాదు.

"ఎంతసేపు మాట్లాడలే?" అన్నాను.

యాకూబ్ తలెత్తి నన్నే చూశాడు. "గదేం సవాల్ అన్నా?"

దాచలేకపోయాను. విజిటర్ కార్డు దగ్గర మొదలుపెట్టి, కాయితం ఏడ పెడ్తే ఆడ అన్న ముక్కదాకా అంతా చెప్పేశాను. తిడతాడనుకున్నాను. తిడితే ఎంత బాగుండేది!

"నన్ను గింత మంచిగ కనిపెట్టినవని నాకు తెల్వదన్నా," అన్నాడు నెమ్మదిగా. "తొమ్మిదేండ్ల సంది నీ నాటకాలల్ల చేస్తాన. ఒక్క కారెక్టర్ సుత గింత మంచిగ చెప్పలే నువ్వు."

నేను సిగ్గుతో చచ్చిపోయాను. "రేపు నువ్వు నాతోని రా. ఆ మనోహర్‌గాని అద్దాలు పలగ్గొట్టి నీ కాయితం నీకు ఇప్పియ్యకపోతే నా పేరు మార్చుకుంట!" అన్నాను.

మర్నాడు యాకూబ్‌ను ఐటీ పార్కు ఎదుటి చాయ్ బండి దగ్గర కూర్చోబెట్టి, పులిలా లోపలికి వెళ్ళాను. తలుపు తట్టలేదు. కూర్చోమంటే కూర్చోలేదు.

"నేను నేర్పిన విద్య నా మనిషి మీదనే చూపిస్తరా? ఆ ముసలామెకు అన్నం ఎవరు పెట్టాలె?"

మనోహర్ సార్ కళ్ళద్దాలు తీశాడు. మెల్లగా తుడిచాడు. "నిద్ర పడ్తలేదు సార్," అన్నాడు. "కండ్లు మూస్తే యాకూబే కనవడ్తండు. ఇంట్ల చెప్పుకోలేను, మీది సార్లకు చెప్పుకోలేను. అర్థం జేసుకునే మనిషి మీరొక్కరే అచ్చిండ్రు." గ్లాసులో నీళ్ళు పోసి ఎడమ చేత్తో నా ముందుకు జరిపాడు. ఇక మాట్లాడలేదు. కంటి చివర ఒక చుక్క కదిలింది.

చూస్తుంటే నా గుండె నీరైపోయింది. ఎప్పుడు కూర్చున్నానో, ఎప్పుడు ఆ నీళ్ళు తాగానో తెలియదు. "మీరు మాత్రం ఏం జేస్తరు సార్, జర పానం మంచిగ చూసుకోండ్రి," అని భుజం తట్టి మరీ బయటకొచ్చాను.

"ఏమాయె అన్నా?" యాకూబ్ లేచి నిలబడ్డాడు.

"ఆయన తప్పేం లేదు తమ్మీ. పాపం, మస్తు పరేషాన్‌ల ఉన్నడు."

యాకూబ్ నా మొహంలోకి చూశాడు. "నీళ్ళు తాగినవా?"

"తాగిన."

"అయితే నువ్వు సుత సంతకం పెట్టినట్టే," అని బండి స్టార్ట్ చేశాడు.

అప్పటికి గానీ నాకు తెలివి రాలేదు. ఇంటికి నడిచి వచ్చాను. మడికొండ నుంచి హన్మకొండకు అంత దూరం నడిచినా తక్కువే అనిపించింది.

మరుసటి నెల యాకూబ్ హైదరాబాదులో ఏదో గోదాములో పనికి కుదిరాడు. అత్తకు వేళకు అన్నం పెట్టడానికి రజియా అంగన్‌వాడీ పని మానుకుంది. నేను చెప్పిన ఒక్క క్లాసుకు రెండు ఉద్యోగాలు పోయాయి. మనోహర్ సార్‌కు ప్రమోషన్ వచ్చింది. ఆ రష్యా పెద్దాయన తన ఫ్యాక్టరీ పనివాళ్ళతో ఎలా మాట్లాడేవాడో ఆ పుస్తకంలో ఎక్కడైనా ఉందేమో, మిగతా సగం తెరిచి చూసే ధైర్యం మాత్రం నాకు లేదు.

అందుచేత, తలస్నానం చేసి, తూర్పుకు తిరిగి, మా ఆవిడ సాక్షిగా నేను చేసిన ప్రమాణం ఏమిటంటే: ఈ జన్మలో మేనేజర్లకు ఏడవడం నేర్పను, నవ్వడం కూడా నేర్పను. నన్ను నమ్మి నా పక్కన కూర్చున్న మనిషిని ఎవరి నోట్‌బుక్‌లోకీ ఎక్కించను. ఎంత దప్పికైనా ఆఫీసుల్లో మంచినీళ్ళు ముట్టను.

ఇంత గంభీరమైన ప్రమాణం యాకూబ్ వినకపోతే ఎలా? ఫోన్ చేసి, గొంతు సవరించుకుని, మొదటి నుంచి చదివి వినిపించాను. ఓపికగా అంతా విన్నాడు.

"మంచిగున్నదన్నా," అన్నాడు. "ఇగ పెట్టేస్తాన. ఒంటిగంటయింది. వీడియోల నేను కనవడ్తెనే అమ్మ ముద్ద తీసుకుంటది."