ఆగిన కుర్చీ

కారేపల్లి దగ్గరి తండాలో మిర్చి పండించే దస్రుకు వాదనలో ఓడిపోవడం చేతకాదు. మబ్బుల్లో విమానం ఎటు తిరుగుతుందో పైలట్‌కు ఒళ్లే అబద్ధం చెబుతుందని, విమానం నడపడం నేర్చుకుంటున్న కూతురు భార్గవి అంటే కస్సుమన్నాడు.

"చీకట్ల అడవి దాటెటోణ్ని. నా ఒళ్లు నాకు తెల్వదా?"

భార్గవి అతన్ని కటింగ్ షాపు కుర్చీలో కూర్చోబెట్టి, కళ్లకు రుమాలు కట్టి, ఎడమవైపు చాలాసేపు నిదానంగా తిప్పింది. తర్వాత ఆపేసింది.

"ఇప్పుడెటు పోతున్నవ్ బాపూ?"

"కుడికి."

గడ్డం గీయించుకోవడానికి వచ్చినవాళ్లు పకపకా నవ్వారు. దస్రు రుమాలు లాగేశాడు. కుర్చీ కదలడం లేదు.

"మరి పైన నీకెట్ల తెలుస్తది?"

"మీటర్లు చూస్త. ఒళ్లు ఎంత మొత్తుకున్నా ఇనను."

దస్రు కుర్చీలో సర్దుకుని కూర్చున్నాడు. తర్వాత రుమాలు తనే కట్టుకున్నాడు.

"మళ్ల తిప్పు బిడ్డా. ఈ ఒళ్లు నాకు ఏడ అబద్ధం మొదలుపెడుతున్నదో పట్టుకుంట."