బ్రిస్బేన్‌ను ముంచేసిన నా ప్రోగ్రాం

నేనొకసారి బ్రిస్బేన్ నగరం మొత్తాన్ని ముంచేశాను. ఎవరి చెప్పులూ తడవలేదు లెండి. మునిగింది మా ఆయన ఒక్కరే.

2000 రాగానే కంప్యూటర్లు తేదీలు తప్పుతాయని అందరూ భయపడ్డ వై2కే రోజులవి. రెండంకెల సంవత్సరం కనబడితే చాలు, నాలుగంకెలు చేసేదాకా మా ప్రోగ్రామర్లకు నిద్ర పట్టేది కాదు. ఆ పని మీదే నన్ను అక్కడి యూనివర్సిటీలో హెలెన్ అనే మంచు శాస్త్రవేత్త దగ్గర వేశారు. అంటార్కిటికా మంచును లోతుగా తొలిచి తీసి, పొరలు చదివి, పూర్వం ఎంత మంచు కరిగితే సముద్రం ఎంత లేచిందో, ఇకముందు ఎంత లేస్తుందో లెక్కగట్టే ప్రోగ్రాం ఆవిడది.

ఒక శుక్రవారం ఆర్వో, అంటే అక్కడివాళ్ళ భాషలో మధ్యాహ్నం, అందరూ బార్బీకి, అదే ఆరుబయట మాంసం కాల్చుకునే విందుకి, వెళ్ళిపోయారు. 'ఎంత క్రితం' అన్న వరసలో నాకు 20, 19, 18 అని కనబడ్డాయి. ఊరుకుంటానా? 2000లోంచి తీసేసి 1980, 81, 82 అని దిద్ది ప్రోగ్రాం నడిపాను. సముద్రం ఏడాదికో డాబా ఎత్తున లేస్తోంది. గ్రాఫు ప్రింటు తీసుకుని ఇంటికి పరిగెత్తాను.

ఎందుకంటే మర్నాడే మేం సముద్రం ఒడ్డున ఇల్లు అద్దెకు తీసుకోబోతున్నాం. మా ఆయన మురళిది అనంతపురం. పెళ్ళిచూపులకు విశాఖ వచ్చి, నన్ను చూడకముందే "మీ మిద్దె మీద్నుంచి సముద్రం కనపడ్తాదా?" అని అడిగిన మనిషి.

"ఆ ఇల్లు వద్దండీ, వచ్చే క్రిస్మస్‌కి మునిగిపోతుంది," అన్నాను గ్రాఫు చూపించి.

"ఎవురు చెప్పినారు?"

"మంచు చెప్పింది."

"మంచుకు మనిల్లు యాడుందో తెల్సా?"

"కంప్యూటర్‌కి తెలుసు."

కంప్యూటర్ అంటే ఆ రోజుల్లో ఇక ఎదురులేదు. శనివారం కొండెక్కి, సముద్రానికి రెండు గంటల దూరంలో ఉన్న టూవూంబా అనే ఊళ్ళో ఏడాది అద్దెకు సంతకం పెట్టేశాం. కిటికీలోంచి ఆవులు కనబడ్డాయి. ఆయన కిటికీ మూసేశారు. పాపం అనిపించింది గానీ, ప్రాణాలు కాపాడానన్న గర్వం ముందు అదెంత.

సోమవారం హెలెన్ గ్రాఫు చూసి కళ్ళజోడు తీసేసింది.

"1980లో మీ విశాఖలో సముద్రం ఎక్కడుండేది?"

"బీచ్‌రోడ్డు పక్కనే."

"ఇప్పుడు?"

"అక్కడే."

"అవి వేల ఏళ్ళు. ఇరవై అంటే ఇరవై వేల ఏళ్ళ క్రితం. నువ్వు మంచుయుగాన్ని తెచ్చి నీ చిన్నతనంలో కలిపేశావు."

వెంటనే ఫోన్ చేస్తే సముద్రం ఇల్లు ఇంకెవరికో వెళ్ళిపోయిందన్నారు. విషయం చెబితే మా ఆయన ఆ గ్రాఫు తెచ్చి నా ముందు పెట్టారు.

"అయితే సముద్రం లేయనే లేయదా?"

"లేస్తుందట. కొంచెం కొంచెంగా. భయమంతా మన మనవళ్ళకేనట."

"మనవళ్ళు పుట్టేదాంకా ఆడే ఉండొచ్చు గదనే!"

ఆ ఏడాదంతా ప్రతి ఆదివారం రెండు గంటలు కారు నడిపి ఆయన్ని సముద్రానికి తీసుకెళ్ళాను. ఆయన ప్యాంటు మడిచి నీళ్ళలో నిలబడి, ఒడ్డునున్న జనమంతా వినేట్టు అరిచేవారు: "యాడే నీ డాబా ఎత్తు? మోకాలు గూడా తడవలే!"

అందుకే దేవుడి పటం ముందు ఒట్టేసుకున్నాను. ఇక మీదట ప్రళయమే వచ్చి గుమ్మంలో నిలబడినా, అది ఎన్నివేల ఏళ్ళ నాటిదో కనుక్కోకుండా ఇల్లు మాత్రం మారను.